టెడ్డీబేర్‌ను పట్టిన జాగిలాలు

అమెరికా చూసి వచ్చిన మనవాళ్ళంతా నయాగరా జలపాతం గురించి రాస్తారు. నేను కుక్కల గురించి రాస్తాను. నయాగరా నేనూ చూశాను గాని, దాని మీద రాయడానికి ముందు వెళ్ళినవాళ్ళు ఏమీ మిగల్చలేదు.

దీనికంతకూ కారణం మా మనవరాలు. మా అమ్మాయీ అల్లుడూ అలబామా రాష్ట్రంలో హంట్స్‌విల్ అనే ఊళ్ళో కాపురం ఉంటున్నారు. రాకెట్లకు పేరుపడ్డ ఊరది. మన ఇంజనీర్ల కుటుంబాలు కూడా బాగానే ఉన్నాయి. పిల్లకి ఏడేళ్ళు. ఒక చెవి ఊడిపోయిన బొమ్మ ఎలుగుబంటి ఒకటి దాని చంకలో ఎప్పుడూ ఉంటుంది. ఓ రాత్రి పక్కన పడుకుని, "తాతయ్యా, దీన్ని టెడ్డీ అని ఎందుకంటారు?" అని అడిగింది.

నాకు తెలిసిన కథేగదా అని చెప్పేశాను. అనగనగా థియొడర్ రూజ్‌వెల్ట్ అని ఒక ప్రెసిడెంటుగారు. ఆయన ముద్దుపేరు టెడ్డీ. వేటకు వెళ్ళాడు. ఎలుగుబంటి ఎదురుగా ఉన్నా జాలిపడి కాల్చలేదు. అందుకని బొమ్మకి ఆయన పేరు పెట్టారు. కథ కంచికి.

అది ఊరుకుంటేనా? "మరి ఎలుగుబంటి పారిపోకుండా అక్కడే ఎందుకు నుంచుంది?"

"కట్టేశారమ్మా."

"ఎవరు కట్టేశారు?"

నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఏడేళ్ళ పిల్ల ముందు నోరు మూసుకోవలసి వచ్చింది. పొద్దున్నే కాఫీ దగ్గర ఈ సంగతి చెబితే అల్లుడు నవ్వి, "ఆ చోటు ఇక్కణ్ణించి కారులో ఆరేడు గంటల దూరమే మామయ్యగారూ! నవంబరులో నాలుగు రోజులు పండగ సెలవులు వస్తాయి. చూసి వద్దాం" అన్నాడు. మా ఆవిడ పులిహోర కట్టింది. బయలుదేరాం.

పడమరగా పోయి టుపెలో అనే ఊరు దాటాక, కొండలూ గుట్టలూ క్రమంగా అణిగిపోయి, ఉన్నట్టుండి నేల పీటలా చదునైపోతుంది. అదే మిసిసిపీ డెల్టా. మన కృష్ణా డెల్టా ఎరిగినవాడికి ఆ నల్లమట్టిని చూస్తే ప్రాణం లేచి వస్తుంది. పత్తి తీసేసిన చేలు, సోయా చిక్కుడు కోసేసిన చేలు, మధ్య మధ్య చేపల చెరువులు. కనుచూపు మేర ఎక్కడా అడవి అన్నమాట లేదు. ఇక్కడ ఎలుగుబంటి ఏమిటా అనిపించింది.

నూట పాతికేళ్ళ కిందట ఇదంతా కీకారణ్యం. పెద్ద పెద్ద మానులు, బురద మడుగులు, వాటి మధ్య మైళ్ళకొద్దీ ఒక జాతి వెదురు. మన వెదురంత లావు ఉండదు, చెరుకు గడ కంటే సన్నం, కాని గుర్రం మీద కూర్చున్నవాడి తలకంటే ఎత్తు. ఎంత దట్టమంటే, పెద్ద కత్తితో నరుక్కుంటూ పోతే తప్ప మనిషి అడుగు ముందుకు పడదు. నాలుగు బారల అవతల ఎలుగుబంటి కూర్చుని ఉన్నా కనబడదు. అలాంటి చోట తుపాకి ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం? దేన్ని కాలుస్తావు? అంచేత అక్కడి వేటగాడికి అసలు ఆయుధం తుపాకి కాదు, జాగిలాలు. వాటి ముక్కే అతని కన్ను, వాటి గొంతే అతని దారి.

ఈ జాగిలాల పుట్టుపూర్వోత్తరాలు కూడా చిత్రమైనవే. 1650లో రాబర్ట్ బ్రూక్ అనే ఇంగ్లీషు దొర మేరీలాండుకు కాపురం వస్తూ ఓడలో పెళ్ళాం పిల్లలతో పాటు వేటకుక్కల మందను కూడా తెచ్చుకున్నాడు. నూరేళ్ళు గడిచాక, 1750లో ప్లాట్ అనే జర్మన్ కుర్రవాడు అయిదు కుక్కలతో వచ్చాడంటారు. వాటి సంతతి ఉత్తర కరోలినా కొండల్లో ఎలుగుబంట్ల వేటకు పేరుమోసింది. పులిచారల లాంటి చారలుండే ఆ ప్లాట్ జాగిలం 1989లో ఆ రాష్ట్రానికి అధికార శునకం అయింది. జార్జి వాషింగ్టనుకు ఫ్రాన్సు నుంచి లఫయెట్ ప్రభువు 1785లో పెద్ద జాగిలాలను కానుకగా పంపాడు. అందులో వల్కన్ అనేది ఒకనాడు అతిథులు భోజనానికి కూర్చోబోయే వేళకు వంటింట్లోంచి పంది తొడ మాంసాన్ని పళంగా ఎత్తుకుపోయిందట. వాషింగ్టనుగారు పగలబడి నవ్వాడనీ, ఆయన భార్య మార్తమ్మగారు మాత్రం నవ్వలేదనీ ఆ ఇంటి మనవడే రాసిపెట్టాడు. కారులో ఈ మాట చెబితే మా ఆవిడ మార్తమ్మగారి పక్షమే వహించింది.

మంద అంటే అన్నీ ఒక్కలాంటి కుక్కలనుకునేరు. పని పంపకం మన కమ్మరి కొలిమి దగ్గర ఉన్నంత కచ్చితంగా ఉంటుంది. ముందు జాడ తీసేది ఒక ముసలి జాగిలం. రాత్రి ఎప్పుడో ఎలుగు నడిచిపోయిన చోట, తెల్లారి మంచు తడి మీద, ఆకు ఆకుకీ ముక్కు ఆనించి, తొందరపడకుండా విప్పుకుంటూ పోతుంది. ఇలా పాతబడ్డ జాడను పట్టగలిగే కుక్కను అక్కడివాళ్ళు 'చల్లముక్కు' కుక్క అంటారు. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలైతే, జాగిలం ముక్కులో 20 కోట్ల పైమాటేనట. జాడ వేడెక్కిన కొద్దీ మిగతా మందను వదులుతారు. అవి గొంతెత్తి పరుగు తీస్తాయి. చిట్టచివర ఎలుగు వెనుదిరిగి నిలబడ్డప్పుడు దాని మీదికి వెళ్ళేవి మరో రకం, బుల్‌డాగు నెత్తురు కలిసిన మొండి ఘటాలు. ఇవి ఎలుగు వెనకకాలు కరిచి, అది తిరిగేలోగా ఎగిరి తప్పుకోవాలి. ఇందులోనే ఉంది కిటుకు. పిరికి కుక్క పనికిరాదు. మరీ ధైర్యం గల కుక్క రెండో వేటకు మిగలదు.

వేటగాడు ఎక్కడో మైలు దూరాన గుర్రం మీద ఉంటాడు. అతనికి తెలిసేదంతా చెవితోనే. జాడ మీద ఉన్నంతసేపూ అరుపు దీర్ఘంగా, రాగం తీసినట్టుంటుంది. జంతువు చెట్టెక్కిందా, అరుపు పొట్టిగా, ఠక్ ఠక్‌మని గొడ్డలి దెబ్బల్లా మారిపోతుంది. ఏ గొంతు ఏ కుక్కదో అతనికి తెలుసు. కొత్త కుక్కకు పని నేర్పేది మనిషి కాదు, ముసలి కుక్కలే. దారిలో లేడి వాసన తగిలినా అటు పోకూడదు, అన్నిటికన్న కష్టమైన పాఠం అదేనట. దొంగ సొత్తైనా జాతిని మార్చిన కుక్క కథ ఒకటుంది. 1852లో టెన్నెసీలో ఎవరో లేడి వెంట పోతున్న నల్లని కుక్కను దారిలో దొంగిలించి కెంటకీలో అమ్మేశారు. దానికి లెడ్ అని పేరు పెట్టారు. ఈనాడు వాకర్ జాగిలాలనే ప్రసిద్ధ జాతికంతా మూలపురుషుడు ఆ దొంగసొత్తే.

ఇక మా పిల్ల ప్రశ్నకు జవాబు. ఎలుగును కట్టేసినవాడి పేరు హోల్ట్ కాలియర్. 1840లలో బానిసగా పుట్టిన నీగ్రో. ఇప్పుడు ఆ మాట వాడరు, నల్లజాతివాడు అందాం. గ్రీన్‌విల్ దగ్గర యజమాని తోటలో పదేళ్ళ వయసుకే మొదటి ఎలుగుబంటిని కొట్టాడు. తోటలో పనిచేసేవాళ్ళందరికీ మాంసం తెచ్చిపెట్టడం అతని పని. బానిసత్వం పోయాక వేటే వృత్తి అయింది. జీవితంలో మూడు వేలకు పైగా ఎలుగుబంట్లను చంపాడని చెబుతారు. చదువు లేదు. జాగిలాలను తీర్చడంలో మాత్రం మిసిసిపీలో అతని తరవాతే ఎవరైనా.

1902 నవంబరులో రూజ్‌వెల్టుగారికి ఎలుగు వేట మీద మనసుపోయింది. రైలు దిగి, చిన్న సన్‌ఫ్లవర్ నది ఒడ్డున గుడారాలు వేశారు. వేట నడిపించే భారం కాలియర్ మీద పెట్టారు. ఎలుగుబంటిని మొట్టమొదట ప్రెసిడెంటుగారే కొట్టాలి. ఇంకెవరూ తుపాకి పేల్చకూడదు. ఇదీ షరతు.

పద్నాలుగో తారీఖు పొద్దున్నే జాగిలాలు జాడ పట్టాయి. కాలియర్ ప్రెసిడెంటును ఒక మాటు దగ్గర కూర్చోబెట్టి, ఎలుగును ఇటే తోలుకొస్తానని చెప్పి వెళ్ళాడు. గంటలు గడిచాయి. కుక్కల గొంతులు దూరమై, దూరమై, వినిపించడం మానేశాయి. ఇక రాదనుకుని రూజ్‌వెల్టూ, ఆయన పక్కనున్న పెద్దమనిషీ భోజనానికి గుడారాలకు వెళ్ళిపోయారు. సరిగ్గా అప్పుడే వచ్చింది ఎలుగు, కాలియర్ చెప్పిన చోటికే! అలిసిపోయి ఒక మడుగులో దిగి, జాగిలాల మీద తిరగబడింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి కాలియర్ స్థితి ఆలోచించండి. చేతిలో తుపాకి ఉంది. ఎదురుగా ఎలుగు ఉంది. పేల్చడానికి వీల్లేదు. దేశాధ్యక్షుడి కోసం దాన్ని ప్రాణాలతో ఉంచాలి. ప్రెసిడెంటేమో మాటు దగ్గర లేడు. చూస్తూండగానే ఎలుగు ఒక జాగిలాన్ని ఒడిసి పట్టుకుంది. పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచీ తను పెంచిన కుక్క. కాలియర్ గుర్రం దిగి, మడుగులోకి ఉరికి, తుపాకిని తిరగేసి పట్టుకుని, మడమతో ఎలుగు నెత్తి మీద కొట్టాడు. ఇనపగొట్టం వంగిపోయిందంటారు. ఎలుగు తూలింది. మెడకు ఉచ్చు తాడు వేసి, చెట్టుకు బిగించి కట్టి, కొమ్ము ఊదాడు. మందలో ఒక జాగిలం అప్పటికే చచ్చిపోయింది. మరి రెండు తీవ్రంగా గాయపడ్డాయి.

రూజ్‌వెల్ట్ వచ్చి చూశాడు. కట్టేసిన జంతువును కాల్చనన్నాడు. అంతవరకు నేను చెప్పిన కథ నిజమే. నేను చెప్పనిది, అంటే నాకు తెలియనిది, తరవాతి ముక్క. దెబ్బతిన్న ఎలుగు బాధపడకుండా దాన్ని చంపెయ్యమని ఆయనే చెప్పాడు. కత్తితో పొడిచి చంపారు. ఈ ముక్క నేనింతవరకు పిల్లకు చెప్పలేదు. చెప్పాలో వద్దో తెలియడం లేదు.

నవంబరు 16న 'వాషింగ్టన్ పోస్టు' పత్రికలో క్లిఫర్డ్ బెరీమన్ ఒక వ్యంగ్య చిత్రం గీశాడు. బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణం పెట్టుకున్న మారిస్ మిచ్‌టమ్ అనే ఆయన దంపతులిద్దరూ అది చూసి గుడ్డ ఎలుగును కుట్టి కిటికీలో పెట్టారు. తరవాత కథ మీకూ నాకూ ప్రతి ఇంటిలోనూ కనబడుతూనే ఉంది. ఆ బొమ్మను అల్లుడు తన ఫోనులో చూపించాడు. తుపాకి దించుకుని ముఖం తిప్పుకున్న ప్రెసిడెంటు ఉన్నాడు. బెదురు చూపుల ఎలుగు ఉంది. తాడు పట్టుకున్నవాడు తెల్లవాడిలా ఉన్నాడు. కుక్క ఒక్కటీ లేదు. మా పిల్ల ఫోను లాక్కుని, వేళ్ళతో పెద్దది చేసి, అంచుల దాకా వెతికింది.

ఆన్‌వర్డ్ అనే ఆ చోట ఊరంటూ ఏమీ లేదు. 61వ నంబరు రహదారి, ఒక పాత దుకాణం, ఇక్కడే ఫలానా వేట జరిగిందని చెప్పే పలక. దానికి ఎగువన ఉన్న రోలింగ్ ఫోర్క్ ఊరి నిండా చెక్కతో చెక్కిన ఎలుగుబంట్లు నిలబెట్టారు. 2023 మార్చిలో వచ్చిన సుడిగాలి ఆ ఊరిని నేలమట్టం చేసింది. ఖాళీ స్థలాల మధ్య చెక్క ఎలుగులను చూస్తే ఏదోలా అనిపించింది. గ్రీన్‌విల్లో కాలియర్ సమాధి ఉంది. 1936లో పోయాడు. 2004లో అక్కడి అడవి ముక్క ఒకదానికి అభయారణ్యంగా అతని పేరు పెట్టారు. నల్లజాతివాడి పేరు పెట్టిన మొదటి అభయారణ్యం అమెరికాలో అదే. ఎలుగులేమో అడవి కొట్టి చేలు చేసుకున్నాక దాదాపు మాయమైపోయాయి. ఆ జాతిని 1992లో ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చి, కాపాడి, కాస్త పెరిగాక 2016లో తీసేశారు.

అలా మాయం కావడంలో జాగిలాల పాలు లేదని అనలేం. 1907లో రూజ్‌వెల్ట్ మళ్ళీ ఎలుగు కోసం లూజియానా వచ్చినప్పుడు కాలియర్‌తో బాటు బెన్ లిల్లీ అనే మరో వేటగాడూ ఉన్నాడు. ఆయన తిండీ నీళ్ళూ లేకుండా ఒక పగలూ రాత్రీ అడవిలో నడిచి, చెట్టు కొమ్మ మీద కాసేపు కునికి, విడిదికి చేరుకున్నాడట. పరమ దైవభక్తుడు. ఆదివారం నాడు తుపాకి ముట్టడు. శనివారం రాత్రి జాగిలాలు ఎలుగును చెట్టెక్కిస్తే, సోమవారం తెల్లారేదాకా అవి ఆ చెట్టు కిందే కాపలా ఉండాల్సిందేనంటారు. భక్తి ఆయనది, పస్తులు కుక్కలవి! తరవాత ఆయన న్యూ మెక్సికో కొండలకు పోయి, పశువులను కాపాడే పేరుతో ప్రభుత్వ జీతం మీద కొండ సింహాలనూ ఎలుగులనూ వందల లెక్కన చంపాడు. ఆ రాష్ట్రంలో గ్రిజ్లీ ఎలుగు ఇప్పుడు లేదు. పని చెడగొట్టిన కుక్కను నిర్దాక్షిణ్యంగా చంపేసేవాడని కూడా చెబుతారు. అదే మనిషి 1925లో క్రూక్ అనే జాగిలం చనిపోతే పాతిపెట్టి, దాని వేటల లెక్కతో సహా సమాధి రాత రాశాడు. ఇతన్ని ఏమనాలో నాకు బోధపడలేదు.

సుఖపడ్డ కుక్క ఒకటుంది, చెబితే గాని మనసొప్పదు. 1905లో కొలరాడో కొండల్లో ఎలుగు వేటకు వెళ్ళిన రూజ్‌వెల్ట్ వెంట స్కిప్ అనే గుప్పెడంత కుక్కపిల్ల పడింది. పెద్ద జాగిలాలతో పరిగెత్తలేక అలిసిపోతే ఆయన గుర్రపు జీను మీద కూర్చోబెట్టుకునేవాడు. చివరికి వాషింగ్టన్ తీసుకుపోయాడు. అది శ్వేత భవనం వసారాల్లో ప్రెసిడెంటుగారి కొడుకు ఆర్చీతో పరుగు పందాలు వేసింది.

తిరుగు ప్రయాణంలో అల్లుడు దారి మళ్ళించి అలబామాలో చెరొకీ అనే ఊరికి దగ్గరలో అడవిలోకి తీసుకెళ్ళాడు. కుక్కల శ్మశానం అది. ఎలుగు వేటవి కావు, చెట్లెక్కే రకూన్ అనే చిన్న జంతువును వేటాడే జాగిలాలవి. కాని రక్తం అదే, పనీ అదే. 1937లో కీ అండర్‌వుడ్ అనే వేటగాడు పదిహేనేళ్ళు తన వెంట తిరిగిన ట్రూప్ అనే కుక్కను పత్తి ఏరే సంచిలో చుట్టి, వేటకు విడిది చేసే చోట మూడడుగుల గొయ్యి తవ్వి పాతిపెట్టాడు. పాత పొగగొట్టం రాయి ఒకటి తెచ్చి, సుత్తితో, స్క్రూడ్రైవరుతో దాని పేరు చెక్కాడు. ఇప్పుడక్కడ మూడు వందలకు పైగా సమాధులున్నాయి. కొన్ని పాలరాయివి, కొన్ని చెక్కవి, కొన్ని ఉత్త రేకు ముక్కలు. వేరే కుక్కలకు చోటు లేదు. యజమాని ప్రమాణం చెయ్యాలి, సాక్షి ఉండాలి, సంఘంవాళ్ళు కళ్ళారా చూడాలి.

నేను ఒక్కో రాయి మీద పేరూ చదువుతూ పోతున్నాను. మా చిన్నతనంలో మోతీ అని ఒక కుక్క ఉండేది. చెరుకు తోటలో అడవిపందులు పడితే పాలేళ్ళతో బాటు అదీ వెళ్ళేది. ఒక రాత్రి పంది కోర తగిలి కడుపు చీలిపోయింది. మా తాతగారు లాంతరు పెట్టుకుని గోనెసంచులు కుట్టే దబ్బనంతో కుట్టారు. నేను తల పట్టుకున్నాను. అది కరవలేదు. తెల్లారేసరికి పోయింది. ఈ సంగతి కారులో వస్తూ పిల్లకు చెప్పాను.

"తాతయ్యా, మోతీకి రాయి ఎక్కడ పెట్టారు?" అంది.

పాలేరు కాళ్ళకు తాడు కట్టి ఈడ్చుకుపోయి మురుగు కాలవ అవతల పారేశాడు. నేను బడికి వెళ్ళిపోయాను.

"పెట్టలేదమ్మా" అన్నాను.

పిల్ల చెవి ఊడిన టెడ్డీని చంకన పెట్టుకుని తరవాతి సమాధి దగ్గరకు నడిచింది. కారు దగ్గర నుంచి మా ఆవిడ, చలిగా ఉంది, పిల్లకు స్వెట్టరు వెయ్యమని కేకేసింది.